మూసీ ఒడ్డున కూర్చోవాలంటే

అఫ్జల్‌గంజ్ దాటి సిటీ బస్సు నయాపూల్ మీదికి ఎక్కగానే లోపలున్నవాళ్లంతా దాదాపు ఒకే పని చేస్తారు. ఆడవాళ్లు కొంగో చున్నీయో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. మగవాళ్లు జేబురుమాలు తీస్తారు. పిల్లలు అరచేత్తో మూసుకుంటారు. వంతెన దిగగానే చేతులు కిందికి వస్తాయి, ఆగిన కబుర్లు మళ్లీ మొదలవుతాయి. ఆ కాసేపట్లో కిటికీలోంచి తల తిప్పి చూస్తే ఒక ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. నదికి శోభ రావాలని కట్టిన భవనాలు అవి. మధ్యలో నల్లగా, అక్కడక్కడా నురగతో, గుర్రపుడెక్క పరుచుకుని మూసీ పోతూ ఉంటుంది.

ఈ ఒడ్డున సాయంత్రం పూట పిల్లలతో వచ్చి కూర్చోవచ్చని, పల్లీలు తింటూ నీటి మీది గాలి పీల్చుకోవచ్చని మనకు మాటివ్వడం మొదలై పాతికేళ్లు దాటింది. 1990ల చివర్లో నందనవనం పథకం అన్నారు. తర్వాత నది మధ్యలో రబ్బరు డ్యామ్ పెట్టి నీళ్లు నిలిపి చూశారు. 2017లో మూసీ కోసమే ఒక కార్పొరేషన్ ఏర్పాటైంది. 2024లో మన ప్రతినిధులు సియోల్ వెళ్లి అక్కడి వాగును చూసొచ్చారు. ప్రతిసారీ రంగుల బొమ్మలు వచ్చాయి. ఒడ్డు మాత్రం చాలావరకు అలాగే ఉంది.

దీనికి డబ్బు, రాజకీయం, అధికారుల బదిలీలు అని చాలా కారణాలు చెబుతారు. వాటన్నిటికంటే పెద్ద కారణం పనుల వరస తప్పడమని నేను నమ్ముతున్నాను. నది ఒడ్డున పార్కు అన్నది చివర చేయాల్సిన పని. దానికి ముందు మూడు పనులున్నాయి: మురుగును ఆపడం, వరదకు చోటివ్వడం, ఒడ్డున బతుకుతున్నవాళ్లకు న్యాయం చేయడం. ఈ మూడూ ఏమిటో, ఎందుకు అదే వరసలో జరగాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

నది ముందు, నగరం తర్వాత

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పాత పేరు ముచుకుంద. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలిసేచోటే బాపూఘాట్ ఉంది. 1948లో గాంధీజీ అస్థికలను నిమజ్జనం చేసిన సంగమం అది. అక్కడి నుంచి నది నగరం నడుమకు వస్తుంది. ఔటర్ రింగు రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిస్తే నగరంలో నది పొడవు 55 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

పురానాపూల్‌ను 1578లో కట్టారు. చార్మినార్, హైదరాబాద్ వచ్చింది 1591లో. అంటే నగరం కంటే నది మీది వంతెనే పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి వంతెన దాటి వచ్చి, ఈ నీటిని నమ్ముకుని, దక్షిణపు ఒడ్డున ఊరు వెలిసింది.

నమ్ముకున్న నీరే 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచింది. ఎగువన కుండపోత వాన. పరీవాహకంలోని చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. అలా తెగినవి రెండు వందలకు పైమాటే. ఒక చెరువు నీళ్లు కింది చెరువు మీద పడి, ఆ రెండింటి నీళ్లూ మూడోదాని మీద పడి, అంతా కలిసి నగరం మీదికి వచ్చింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఇప్పటికీ ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభైమంది దాకా బతికారని చెబుతారు. ఆస్పత్రికి వెళ్లే పని పడితే ఒకసారి ఆ చెట్టు కింద నిలబడి, కొమ్మల వైపు తలెత్తి చూడండి. నీళ్లు ఎంత ఎత్తున వచ్చి ఉంటాయో ఏ పుస్తకమూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది.

వందేళ్ల కిందటి పాఠం

వరద తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి, నదినీ చెరువులనూ పరిశీలించి నివేదిక ఇచ్చారు. నగరానికి ఎగువన, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలి. నగరంలో ఒడ్డును ఎత్తు చేసి గోడలు కట్టాలి. ఊరి మురుగుకు వేరే దారి చూపాలి. ఇవన్నీ అయితే ఒడ్డు మీద తోటలు, నడకదారులు వేసుకోవచ్చు.

ఆ ఆలోచనకు తగ్గట్టే పనులు నడిచాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, పూర్తయింది. 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి నది ఒడ్డున లేచాయి. ఇళ్లు కొట్టుకుపోయిన ఒడ్డునే మళ్లీ కట్టుకునే ధైర్యం ఆ నగరానికి వచ్చిందంటే, ఎగువన ఆనకట్టల పని మొదలవడం వల్లే. నది ఒడ్డును బాగుచేయడం మనకు కొత్తేమీ కాదు. ఒకసారి చేసి చూపించినవాళ్లం.

నది నాలాగా ఎలా మారింది?

ఇక్కడే ఒక చిక్కు కూడా మొదలైంది. గండిపేట, హిమాయత్‌సాగర్ వరదను ఆపాయి, నగరానికి తాగునీరూ ఇచ్చాయి. కానీ ఎగువన నీరు ఆగిపోవడంతో వాన లేని రోజుల్లో దిగువ నదిలోకి వచ్చే మంచినీరు తగ్గిపోయింది. ఆ ఖాళీలోకి ఊరి మురుగు వచ్చి చేరింది. నగరం చిన్నగా ఉన్నంతకాలం నది దాన్ని ఎలాగోలా కడుక్కుంది. నగరం పెరిగింది. చెరువుల మధ్య వాన నీటిని మోసిన వాగులే నాలాలయ్యాయి. ఇంట్లో స్నానాల గది నీరు, మరుగుదొడ్డి నీరు, కార్ఖానాల రసాయనాలు వాటిలో కలిశాయి. ఆ నాలాలన్నీ చివరకు దిగేది మూసీలోకే.

నది తనను తాను కడుక్కోవడం అంటే ఏమిటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నీటిలో కొంత ఆక్సిజన్ కరిగి ఉంటుంది. చేపలు పీల్చేది దాన్నే. మురుగులోని కుళ్లిన పదార్థాన్ని తినే సూక్ష్మజీవులకూ అదే ఆక్సిజన్ కావాలి. మురుగు కొంచెమే అయితే అవి తినేసి ఊరుకుంటాయి, ఖర్చయిన ఆక్సిజన్ గాలి నుంచి మళ్లీ నీటిలో చేరుతుంది. మురుగు మోతాదు మించితే ఉన్న ఆక్సిజనంతా అవే తాగేస్తాయి. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని వేరే జాతి సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. అవి వదిలే వాయువుల్లో ఒకటి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. నయాపూల్ మీద మనం ముక్కు మూసుకునేది ప్రధానంగా ఆ వాసనకే.

ఒక లీటరు నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచే లెక్కను బీఓడీ అంటారు. జనం స్నానం చేయదగ్గ నదిలో అది 3 మిల్లీగ్రాములకు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మామూలు ఇళ్ల మురుగులో అది 150 నుంచి 300 దాకా ఉంటుంది. ఈ తేడాను పూలకుండీలతో పూడ్చలేం. రబ్బరు డ్యామ్ లాంటివి ఎందుకు ఫలించవో కూడా ఇందులోనే ఉంది. మురుగును నిలబెడితే పెద్ద మురుగుగుంట తయారవుతుంది, దాని మీద దోమలు ముసురుతాయి.

హుస్సేన్‌సాగర్ ఈ పాఠాన్ని మన కళ్లెదుటే చెప్పింది. చుట్టూ ట్యాంక్‌బండ్, 1994లో లుంబినీ పార్కు, తర్వాత నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ గార్డెన్స్ వచ్చాయి. జనం వెళ్లారు, ఇప్పటికీ వెళ్తున్నారు. కానీ కూకట్‌పల్లి నాలా పారిశ్రామిక వ్యర్థాలనూ మురుగునూ మోసుకొచ్చి అందులో కలుపుతూనే పోయింది. ఒడ్డుకు ఎన్ని హంగులు దిద్దినా ఎండాకాలం వచ్చేసరికి వాసన తిరిగొచ్చింది.

మొదటి పని: మురుగును ఒడ్డుకు ముందే పట్టుకోవడం

నాలా నదిలో పడే చోటుకు కొంచెం ముందే దానికి అడ్డం కట్టి, ఆ నీటిని ఒడ్డు పొడవునా వేసిన పెద్ద పైపులోకి మళ్లించాలి. ఆ పైపు శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. వినడానికి ఇంతే. చేయడానికి ఏళ్లు పడుతుంది. అంతా భూమి లోపల జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు, శిలాఫలకానికీ పనికిరాదు.

శుద్ధి కేంద్రంలో ఏం జరుగుతుందో ఒక చెంబెడు మురుగు వెంట నడిచి చూద్దాం. ముందు ఇనుప జల్లెడ. ప్లాస్టిక్ సంచులు, గుడ్డపీలికలు, కొబ్బరి డొక్కలు, ఒంటి చెప్పులు ఇక్కడ ఆగిపోతాయి. తర్వాతి తొట్టిలో నీటి వేగం తగ్గుతుంది, ఇసుకా మట్టీ అడుగుకు దిగుతాయి. అసలు పని ఆ తర్వాతి తొట్టిలో. అడుగు నుంచి బుడగలు బుడగలుగా గాలి కొడుతుంటారు. నదికి దొరకని ఆక్సిజన్‌ను ఇక్కడ యంత్రంతో ఇస్తున్నారన్నమాట. సూక్ష్మజీవులు కడుపారా తిని, లక్షలుగా పెరిగి, గోధుమరంగు ముద్దలుగా తయారవుతాయి. గాలి ఆపి కాసేపు కదలకుండా ఉంచితే ఆ ముద్దలు అడుగున పేరుకుంటాయి. మన ఇళ్లలో బురదనీళ్లకు చిల్లగింజ రాసి తేర్చినట్టు పైన నీరు తేటపడుతుంది. ఆ తేటను తీసి క్లోరిన్ కలిపి వదులుతారు. లోపలికి వచ్చిన నీటినీ బయటికి పోయే నీటినీ రెండు గాజు సీసాల్లో పక్కపక్కన పెట్టి చూపిస్తే, రెండూ ఒకటే నీరంటే పిల్లలు నమ్మరు.

అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలు ఇంతకుముందే ఉన్నాయి. అవి చాలక నగరం నలుమూలలా 31 కొత్త కేంద్రాలు తలపెట్టారు. వాటన్నిటి సామర్థ్యం కలిపి రోజుకు 125 కోట్ల లీటర్లకు పైనే. లెక్క వేసి చూస్తే, అవన్నీ నిండుగా నడిస్తే ఏడాదికి సుమారు 16 టీఎంసీల తేటనీరు వస్తుంది. గండిపేట నిండితే 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ నిండితే దాదాపు 3 టీఎంసీలు. అంటే ఆ రెండు జలాశయాలూ కలిపి పట్టే నీటికి రెండింతలకు పైగా నగరమే ఏటా శుద్ధి చేసి ఇవ్వగలదు. ఏడాది పొడవునా, ఎండాకాలంలో కూడా.

ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. నదిని పారించడానికి నీళ్లెక్కడివి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన చూపు దూరంగా ఉన్న గోదావరి వైపు పోతుంది. మల్లన్నసాగర్ నుంచి నగరానికి 20 టీఎంసీలు తెచ్చే పథకంలో 2.5 టీఎంసీలు ఈ జంట జలాశయాల కోసం అనుకున్నారు. అదీ మంచిదే. కానీ సియోల్‌లో చెయోంగ్యెచెయోన్ వాగు కథ గుర్తుపెట్టుకోవాలి. వాగును కప్పేసిన రోడ్డునూ దాని మీది ఫ్లైఓవర్‌నూ కూల్చి, 2005లో దాదాపు ఆరు కిలోమీటర్ల వాగును బయటికి తీశారు. అద్భుతమైన పనే. అయితే అందులో పారే నీటిలో ఎక్కువ భాగం రోజూ మోటార్లతో తోడి పోస్తున్నదే. కరెంటు బిల్లు కట్టినంతకాలమే ఆ వాగు. మన నదికి మన శుద్ధ జలమే ఆధారమైతే దూరం నుంచి నీళ్లు తోడి పోసే భారం తగ్గుతుంది.

రెండో పని: వరదకు దాని చోటు దానికి

నది అంటే రెండు నదులు. మామూలు రోజుల్లో సన్నగా పారేది ఒకటి, పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఒకసారి వెడల్పుగా వచ్చేది ఇంకొకటి. ఆ రెండోది రాని రోజుల్లో దాని చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ స్థలం కనిపిస్తే నగరానికి చేతులు దురద పెడతాయి. బస్తీలు వచ్చాయని మాటిమాటికీ అంటాం గానీ, పెద్ద కట్టడాలూ వచ్చాయి. 1994లో తెరిచిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉన్నది మూసీ నడుమ దిబ్బ మీదే. దాని పాత పేరు ఇమ్లీబన్, చింతతోపు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నది ఆ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తేవాల్సి వచ్చింది. తన చోటు ఎంతవరకో నది మనకు గుర్తుచేసి వెళ్లింది.

వందేళ్ల కిందటి కంటే ఇప్పుడు ప్రమాదం ఒక విధంగా ఎక్కువ. అప్పుడు వాన కొంత నేలలో ఇంకేది. ఇప్పుడు కాంక్రీటు మీద పడి నిమిషాల్లో నాలాలకు, నాలాల నుంచి నదికి వస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో చూశాం కదా.

అందుకే నది ఒడ్డు పార్కు, వీధి చివర పార్కులాంటిది కాదు. అది మునగడానికి సిద్ధంగా ఉండాలి. సింగపూర్‌లో బిషాన్ పార్కు ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ కల్లాంగ్ నదిని ఒకప్పుడు 2.7 కిలోమీటర్ల సూటి కాంక్రీటు కాలువగా మార్చారు. 2012 నాటికి ఆ కాంక్రీటు పగలగొట్టి, వంపులు తిరిగే 3.2 కిలోమీటర్ల నదిగా మళ్లీ చేశారు. మామూలు రోజుల్లో పచ్చికలో జనం, మధ్యలో సన్నని నీరు. పెద్ద వాన పడితే హెచ్చరిక మోగుతుంది, జనం పైకి వస్తారు, పచ్చిక మీదికి నది వస్తుంది. నీరు తీసేశాక బురద కడిగితే మళ్లీ పార్కు.

మన ఒడ్డుకూ ఇలా రెండు మెట్లు కావాలి. కింది మెట్టులో గడ్డి, ఆట స్థలం, నడకదారి తప్ప ఇంకేదీ ఉండకూడదు. హోటల్, దుకాణం, మరుగుదొడ్డి, కరెంటు పెట్టె, అన్నీ పై మెట్టులోనే. గట్టు జారకుండా నిలువు గోడే కట్టాలని లేదు. ఏరుమద్ది, నేరేడు, కానుగ వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. నీటి అంచున తుంగ, జమ్ము పెరిగితే మిగిలిన మలినాన్ని అవి కొంత పీల్చుకుంటాయి. పిట్టలు కూడా వాటికోసమే వస్తాయి. హద్దుల విషయంలో మనకు నిబంధనలు లేవనడానికి వీల్లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం నగర పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. ఆ గీత పేదవాడి ఇంటికీ పెద్దవాడి టవరుకూ ఒకేలా గీయాలి.

మూడో పని: అక్కడున్న మనిషి

2024లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పడ్డాయి. ఇల్లు నదీగర్భంలో ఉందని వాటి అర్థం. పొద్దున లేచి తలుపు తీస్తే సొంత గోడ మీద ఆ గుర్తులు. నలభై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంటూ, కరెంటు బిల్లు, ఇంటి పన్ను కట్టుకుంటూ వచ్చినవాళ్లకు అవి చూసినప్పుడు ఏమనిపించిందో ఊహించుకోవచ్చు.

నదీగర్భంలో ఇల్లు ఉండకూడదన్నది నిజమే. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకే అది అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే మునిగేది వాళ్లే. కానీ వాళ్లు అక్కడే ఎందుకున్నారు? ఆ తల్లి పనిచేసే నాలుగిళ్లు మలక్‌పేటలో ఉన్నాయి. ఆ తండ్రి హమాలీ పని బేగంబజార్‌లో. పిల్ల చదివే బడి రెండు వీధుల అవతల. ఇరవై కిలోమీటర్ల దూరంలో రెండు పడకగదుల ఇల్లిస్తే గోడలు దొరుకుతాయి గానీ కూలి పోతుంది. బస్సు చార్జీకే సగం ఆదాయం ఖర్చయితే ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబం మళ్లీ ఏదో ఒక నాలా ఒడ్డునే తేలుతుంది.

అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డు పథకం పది వేలకు పైగా కుటుంబాలను కదిలించింది. చాలామంది హైకోర్టు దాకా వెళ్లి కొట్లాడితే గానీ ఇళ్లు దక్కలేదు, దక్కినవి కూడా చాలావరకు ఊరి చివర. అదే పథకంలో నేర్చుకోదగిన మంచీ ఉంది. తరతరాలుగా నది ఒడ్డున జరిగే ఆదివారం సంతను ఎత్తివేయకుండా, ఆ ఒడ్డునే చోటు చూపించారు. మనకూ పురానాపూల్ మీద కూరగాయలమ్ముకునేవాళ్లున్నారు, దగ్గరలోనే గురువారం నాడు జుమ్మెరాత్ బజార్ సాగుతుంది. రేపటి ఒడ్డు మీద వాళ్లకు చోటు ఉంటుందా అన్నది పథకం గీసేటప్పుడే తేలాలి.

చేయవలసింది కష్టమైనా స్పష్టమే. ముందు ఇంటింటికీ లెక్క, అద్దెకున్నవాళ్లతో సహా. తర్వాత నాలుగైదు కిలోమీటర్లలోపు ఇల్లు. ఇల్లు చేతికొచ్చాకే పాత ఇల్లు కూల్చడం. విద్యా సంవత్సరం మధ్యలో కదిలించకపోవడం. సింగపూర్ నది శుద్ధి 1977 నుంచి 1987 దాకా పదేళ్లు సాగింది. అందులో వేల కుటుంబాలకు ప్రభుత్వ ఇళ్లు, వీధి వ్యాపారులకు కట్టిన అంగళ్లు ముందు ఇచ్చారు. ఒడ్డును తీర్చిదిద్దడం ఆఖరున చేశారు. పదేళ్లు పట్టిందంటే ఆలస్యమైందని కాదు, ఆ పనికి అంతకాలం పడుతుంది.

నాలుగో పని: అప్పుడు పార్కు

పై మూడూ అయ్యాక పార్కు తేలికైన పని. దానిలో కావలసినవి కూడా పెద్ద ఖర్చువి కావు. నీడనిచ్చే చెట్లు, తాగునీరు, ఆడవాళ్లు నిస్సంకోచంగా వెళ్లగలిగే మరుగుదొడ్లు, చీకటి పడ్డాక వెలుతురు, చక్రాల కుర్చీ దిగగలిగే వాలుదారి, కూర్చోవడానికి మెట్లు. పెద్ద గేటు, టికెట్టు కౌంటరు అక్కర్లేదు. నది ఒడ్డు ఊరందరిది. లోపలికి రావడానికి డబ్బడిగితే, ఇల్లు వదిలి వెళ్లిన కుటుంబం తన పాత వాకిట్లోకే టికెట్టు కొనుక్కుని రావాలి.

అంతా ఒకేసారి చేయాలనీ లేదు. అంబర్‌పేటలో బతుకమ్మకుంట చెత్తా మట్టీ పోసి పూడిపోయి, ఆనవాలు లేకుండా అయింది. 2025లో తవ్వడం మొదలుపెడితే నీళ్లు పైకి ఉబికాయి. ఆ సెప్టెంబరులోనే ఐదెకరాల పైచిలుకు కుంటగా మళ్లీ జనం ముందుకొచ్చింది. నేల కింద నీరు తన చోటును మరచిపోలేదు. ఇలాంటి చిన్న కుంటలు, నాలాలు ఒక్కొక్కటీ బాగుపడుతూ వస్తే నదికి వచ్చే భారం అంతమేరకు తగ్గుతుంది. ఎగువ నుంచి దిగువకు, కుంట నుంచి నాలాకు, నాలా నుంచి నదికి. నీరు వచ్చే దారే పని నడవాల్సిన దారి.

దిగువ ఊళ్లను మరవద్దు

సబర్మతి దగ్గర ఇంకో పాఠం మిగిలి ఉంది. అహ్మదాబాద్ నడుమ సుమారు 11 కిలోమీటర్లు నర్మద కాలువ నీళ్లతో నది నిండుగా, నీలంగా కనిపిస్తుంది. ఆ నీటిని పట్టి ఉంచేది వాస్నా బ్యారేజీ. బ్యారేజీ దాటి కిందికి వెళ్తే నగర మురుగు, కార్ఖానాల వ్యర్థాలు కలిసిన నది. ఆ కాలుష్యాన్ని గుజరాత్ హైకోర్టే 2021లో తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఫొటోల్లో ఉన్న నదీ, పొలాలకు పారే నదీ ఒకటే.

మూసీ కూడా నాగోల్‌తో అయిపోదు. పీర్జాదిగూడ, ఎదులాబాద్ దాటి భువనగిరి, వలిగొండ వైపు పోతుంది. అక్కడి రైతులు తరతరాలుగా కత్వలు కట్టి ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి వరి పండిస్తున్నారు. చుట్టుపక్కల బోర్లెండిపోయిన ఏడాది కూడా మూసీ కాలువ కింద మడి పచ్చగా ఉంటుంది. నీళ్లకు కరువు లేదు. కానీ నాటు వేయడానికి ఆ మడిలో దిగిన ఆడవాళ్ల కాళ్లకు దురదలు, పుండ్లు. పొద్దంతా వంగి నాటేసి, ఇంటికొచ్చి కాళ్లకు కొబ్బరినూనె పూసుకుంటారు. మనం బస్సులో నిమిషంసేపు ముక్కు మూసుకుని దాటేసిన నీటిలో వాళ్లు మోకాళ్ల లోతున దిగి పనిచేస్తున్నారు. ఆ వడ్లు తిరిగి ఎవరి ఇంటికి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈసారి మూసీ ఒడ్డు బొమ్మ ఎవరైనా చూపించినప్పుడు ఫౌంటెన్లు ఎన్ని అని అడగకండి. ఈ నాలా మురుగు ఏ శుద్ధి కేంద్రానికి పోతోంది, అది ఇవాళ నడుస్తోందా అని అడగండి. వరద గీత ఎక్కడిదాకా అని అడగండి. కదిలించే కుటుంబాలకు ఇల్లు ఎంత దూరంలో అని అడగండి. లోపలికి రావడానికి డబ్బు కట్టాలా అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు దొరికిన రోజున, ఐదోది వలిగొండ మడికట్టు మీద నిలబడి అడగండి: అమ్మా, ఈ ఏడు నాట్లేస్తే కాళ్లు బాగున్నాయా? బాగున్నాయని ఆమె అంటేనే మూసీ బాగుపడినట్టు.